ఏడు తరాలు ఎటువైపు చూశారు?

పెళ్లి సంబంధం కుదుర్చుకునేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు మన పెద్దవాళ్లు. నాకు యాభై ఒక్కేళ్లు. మా ఇళ్లల్లో, చుట్టాల ఇళ్లల్లో ఎన్నో సంబంధాలు మాట్లాడుకోవడం దగ్గరుండి విన్నాను. ఏడు తరాలు చూసినవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. చూసేవి గోత్రం, పొలం, ఉద్యోగం, పిల్ల రంగు. ఏడు తరాల మాట ఎప్పుడు బయటికొస్తుందంటే, పిల్ల తల్లికి ఏదో జబ్బుందని గుసగుస వినబడినప్పుడు. "వాళ్ల రక్తంలోనే ఉందట" అని ఒక్క మాట అనుకుని కాఫీ గ్లాసులు కింద పెట్టి లేస్తారు. అదే పిల్లవాడి తండ్రి చేతులు వణుకుతుంటే "వయసు మీద పడింది కదండీ" అంటారు.

ఇది ఇవాళ పుట్టిన అలవాటు కాదు. మనుస్మృతి మూడో అధ్యాయం మొదట్లోనే పది రకాల కుటుంబాల జాబితా ఉంది. ఎన్ని గోవులున్నా, ఎంత ధనధాన్యాలున్నా ఆ ఇళ్ల నుంచి పిల్లని తెచ్చుకోవద్దని చెప్పే జాబితా అది. క్షయ ఉన్న ఇల్లు, మూర్ఛ ఉన్న ఇల్లు, బొల్లి ఉన్న ఇల్లు, కుష్ఠు ఉన్న ఇల్లు. వీటి మధ్యలో, వీటితో సమానంగా, మగపిల్లలు లేని ఇల్లు. ఆ జాబితాని ఎవరి చేతికిచ్చారో గమనించండి. పిల్లని తెచ్చుకునేవాడి చేతికిచ్చారు. వెళ్లే పిల్ల ఆ ఇంట్లో ఏ జబ్బు ఉందో చూసుకోవాలని అక్కడ రాయలేదు. ఆమె వెళ్లేదే చేసిపెట్టడానికి కాబట్టి, చూసుకోవాల్సిన అవసరం ఆమెకి ఉంటుందని ఎవరికీ తోచలేదు.

నేను మాట్లాడదలుచుకున్నది నడివయసులో బయటపడి కుటుంబాల్లో నడిచే వణుకుడు జబ్బుల గురించి. ముఖ్యంగా ఒక జబ్బు గురించి. దాని పేరు హంటింగ్టన్ వ్యాధి. ఇది మా అమ్మకి వచ్చింది. మా అన్నయ్యకి వచ్చింది. అమ్మ తండ్రికి, అంటే మా తాతయ్యకి, వచ్చే ఉండాలి. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఆయన్ని తాగుబోతనే అనుకునేవారు. ఆయన కల్లు ముంత కూడా ముట్టలేదని మా అమ్మమ్మ చచ్చేదాకా చెబుతూనే ఉంది. ఎవరూ నమ్మలేదు.

జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే తెలియకపోవడం మీదే ఈ వ్యవహారమంతా నడుస్తుంది. మన నాలుగో క్రోమోజోము మీద ఒక జన్యువులో సి.ఎ.జి. అనే మూడక్షరాల మాట పదే పదే రాసి ఉంటుంది. మామూలుగా అది 26 సార్లకి మించదు. 36 నుంచి 39 సార్లుంటే జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆ పైన ఉంటే, మనిషి తగినంత కాలం బతికితే వచ్చి తీరుతుంది. సాధారణంగా ముప్ఫై యాభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఒళ్లంతా తనంతట తాను కదలడం, తూలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, వీటికంటే ముందే చాలాసార్లు చిరాకు, దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. పదిహేను ఇరవై ఏళ్లు నడిచి ప్రాణం తీస్తుంది. కదలికల్ని కొంత తగ్గించే మందులున్నాయి. జబ్బుని నయం చేసేది లేదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సంక్రమించే అవకాశం సరిగ్గా సగం. కొడుక్కీ సగమే, కూతురికీ సగమే. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇవ్వడానికి మన రాష్ట్రానికి 1986 దాకా, దేశానికి 2005 దాకా పట్టింది. ఈ జన్యువు మాత్రం మొదటినుంచీ సమంగానే పంచుతోంది.

ఆడా మగా తేడా ఒక్కచోట ఉంది. తరం మారినప్పుడు ఆ మూడక్షరాల వరస ఇంకా పొడుగవచ్చు. బాగా పొడుగయ్యేది ఎక్కువగా తండ్రి నుంచి వచ్చినప్పుడు, వీర్యకణాలు తయారయ్యే క్రమంలో. ఇరవై ఏళ్లు నిండకుండానే జబ్బు పడిన పిల్లల్లో ఎక్కువమందికి అది తండ్రి నుంచి వచ్చిందే. ఈ సంగతి డాక్టర్లకి తెలుసు, పుస్తకాల్లో ఉంది. అయినా "తల్లి పోలిక" అనే మాటే మన ఇళ్లల్లో చలామణీ అవుతోంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. వణుకు కనబడగానే "మేనరికమా?" అని అడిగే డాక్టర్లని నేను చాలామందినే చూశాను. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే వచ్చే విల్సన్ వ్యాధి లాంటి వాటికి ఆ ప్రశ్న సరైనదే. హంటింగ్టన్‌కి మేనరికంతో పనిలేదు, ఒక్కరిస్తే చాలు. మా అమ్మానాన్నలకి పెళ్లికి ముందు ఏ చుట్టరికమూ లేదు. పార్కిన్సన్ వ్యాధి ఎక్కువమందిలో వంశం నుంచి రాదు. అన్నిటినీ ఒకే గాటన కట్టి "మీ ఇళ్లల్లో పెళ్లిళ్లే అంత" అనడం వైద్యం అనిపించుకోదు. కులం గురించి అడగదలుచుకుంటే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఎస్.సి.ఎ.12 అనే జబ్బుంది. చేతివణుకుతో మొదలై నడక తప్పుతుంది. దాన్ని 1999లో అమెరికాలో ఒక కుటుంబంలో గుర్తించారు. ఆ తర్వాత చూస్తే మన దేశంలో, ముఖ్యంగా ఉత్తరాదిన అగర్వాల్ కుటుంబాల్లో అది ఎక్కువగా కనిపించింది. ఎప్పుడో ఒక పూర్వీకుడిలోనో పూర్వీకురాలిలోనో ఉన్న మార్పు, కులం లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఆ కంచె లోపలే తిరుగుతూ వచ్చింది. శుద్ధమైన రక్తం అని దేన్ని కాపాడుకుంటున్నారో అందులో ఇదీ ఉంది.

ఇక మా ఇంటి సంగతి. అమ్మకి నలభై ఒకటో ఏట మొదలైంది. మొదట చేతివేళ్లు. ఊరికే కూచున్నప్పుడు దూది ఏకుతున్నట్టు కదిలేవి. తర్వాత చీర కుచ్చిళ్లు నిలవలేదు. పాలగిన్నె దించుతూ రెండుసార్లు ఒళ్లు కాల్చుకుంది. అంతకు రెండేళ్ల ముందునుంచే అమ్మ మారిపోయింది. ఎవరితోనూ ఒక మాట ఎక్కువ మాట్లాడని మనిషి వాకిట్లో నిలబడి అరిచేది. "గయ్యాళి అయిపోయింది" అన్నారు మా నాయనమ్మ వైపు వాళ్లు. తర్వాత "గాలి సోకింది" అన్నారు. ఒక శుక్రవారం గుళ్లో అమ్మ ఒళ్లు ఎక్కువగా కదిలింది. చుట్టూ చేరి పసుపు నీళ్లు పోసి, "ఎవరమ్మా నువ్వు, ఏం కావాలి?" అని అడిగారు. అమ్మ తన పేరు చెప్పింది. ఇంటికెళ్లాలి అంది. అదే అడిగితే అదే చెప్పింది. దేవత కూడా మొండిదే అనుకున్నారు.

2000 సంవత్సరంలో నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో జన్యు పరీక్ష చేశారు. ఒక వరస 17, రెండో వరస 44. ఆ కాగితం నేను చూసింది 2012లో, నాన్న పోయాక, బీరువా సర్దుతుంటే. అప్పటికి అమ్మ పోయి నాలుగేళ్లయింది. పక్కన మా వదిన ఉంది. కాగితం మీద రోగి పేరు అమ్మది. పేరు కింద "వైఫ్ ఆఫ్" అని నాన్న పేరు. వివరాలు చెప్పాం, అర్థం చేసుకున్నారు అని రాసిన చోట నాన్న సంతకం. అమ్మ ఎస్సెల్సీ పాసైన మనిషి. వంకరగానైనా తన సంతకం తను చేసుకోగలదు. ఆమె మెదడు గురించి ఆమెకి చెప్పాలని ఆ గదిలో ఎవరికీ అనిపించలేదు.

ఆ రిపోర్టు తేదీ నవంబరు. మరుసటి ఫిబ్రవరిలో మా అన్నయ్య పెళ్లి జరిగింది. అంత తొందరగా ఎందుకు చేస్తున్నారని చుట్టాలు కూడా అడిగారు. విషయం తెలిసినవాళ్లు ముగ్గురు: నాన్న, బాబాయి, మా మేనమామ. తెలియనివాళ్లు అమ్మ, నాయనమ్మ, నేను, పెళ్లికూతురు, ఆమె తల్లి. తర్వాత ఎప్పుడో మేనమామని నిలదీస్తే ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు: "రేపు వాడికి చేసేవాళ్లుండాలి కదమ్మా." అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. అంతవరకు నెలకో సంబంధం తెచ్చిన నాన్న ఆ నవంబరు తర్వాత నా పెళ్లి మాట ఎత్తడం మానేశాడు. కూతుర్ని బాగా చదివించుకుంటున్నాడని ఊళ్లో ఆయనకి పేరొచ్చింది. (నేను పెళ్లి చేసుకోకపోవడానికి కారణాలు నావి నాకున్నాయి. అవి ఈ వ్యాసానికి అక్కర్లేదు.) ఒకే కాగితం. దాన్ని చూసి కొడుక్కి పెళ్లి చేశారు, కూతురికి పెళ్లి ఆపేశారు. కొడుక్కి సేవ చేసే మనిషి కావాలి. కూతురైతే రేపు అమ్మకి సేవ చేయడానికి ఇంట్లో ఉంటుంది. ఎనిమిదేళ్లు అమ్మకి అన్నం మెత్తగా కలిపి, పొలమారకుండా ముద్ద ముద్దగా తినిపించింది నేనూ వదినా. మాకు పేరు కూడా చెప్పని జబ్బుకి మేము సేవ చేశాం.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదన నాకు తెలుసు. జబ్బుకి మందు లేదు కాబట్టి ముందుగా తెలుసుకోకుండా ఉండే హక్కు మనిషికి ఉండాలంటారు. ఉండాలి. అంతర్జాతీయంగా 1994 నుంచీ ఉన్న మార్గదర్శకాలు అదే చెబుతున్నాయి. పరీక్ష పెద్దవాళ్లకే, వాళ్లంతట వాళ్లు కోరితేనే, ముందూ తర్వాతా కౌన్సెలింగుతోనే. పరీక్ష అందుబాటులో ఉన్న దేశాల్లో కూడా ప్రమాదం ఉన్నవాళ్లలో అధికశాతం చేయించుకోరు. నేనూ చేయించుకోలేదు. నా ఒంట్లో ఆ వరస ఎంత పొడుగుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఇంతవరకు నాకు అనిపించలేదు. ఆ హక్కుని ఎవరు లాక్కోబోయినా ఒప్పుకోను.

కానీ నా ఫలితం నాకు తెలియకపోవడం ఒకటి, నా తల్లికి ఆ జబ్బుందని దాచడం ఇంకొకటి. మొదటిది నా హక్కు. రెండోది మోసం. ఈ రెంటినీ కలిపేసి "ప్రైవసీ" అని పేరు పెట్టి మగవాళ్ల సౌకర్యాన్ని కాపాడుతున్నారు. చదువుకున్న కుటుంబాల్లో ఈమధ్య ఇది ఎక్కువైంది. పూర్వం "పరువు" అనేవాళ్లు, ఇప్పుడు ప్రైవసీ అంటున్నారు. పెళ్లి అనేది ఇరవై ఏళ్ల నర్సు ఉద్యోగం కూడా అయ్యే అవకాశం సగం ఉన్నప్పుడు, ఆ ఉద్యోగంలో చేరే మనిషికి ఆ మాట చెప్పాలా వద్దా? మా వదిన ఒకసారి అంది: "నన్ను అడిగి ఉంటే చేసుకునేదాన్నేమో. మీ అన్నయ్య నాకు నచ్చాడు. అడగలేదు." ఈ మాట మీద ఎన్ని సెమినార్లయినా పెట్టుకోవచ్చు.

అబద్ధం చెప్పకపోతే ఇలాంటి కుటుంబాలకి పెళ్లిళ్లెలా అవుతాయి, పిల్లలు వెలివేతకి గురవుతారు కదా అంటారు. వెలి ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. ఈ జబ్బుకి పేరిచ్చిన జార్జ్ హంటింగ్టన్ అమెరికాలో లాంగ్ ఐలాండ్ మీద ఈస్ట్ హాంప్టన్ అనే ఊరివాడు. తాతా తండ్రీ అక్కడ డాక్టర్లు. చిన్నప్పుడు తండ్రితో వెళ్తుంటే దారిలో ఇద్దరు స్త్రీలు ఎదురయ్యారు, తల్లీ కూతురూ, ఒళ్లు మెలికలు తిరుగుతూ. తండ్రి ఆగి వాళ్లతో మాట్లాడి ముందుకు కదిలాడట. ఆ దృశ్యం తనలో ఉండిపోయిందని హంటింగ్టన్ పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ల వయసులో, 1872లో, ఆయన రాసిన వ్యాసంలోనే తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే పిల్లలకి వస్తుందని స్పష్టంగా ఉంది. ఆ ఊళ్లోనే 1806లో ఫీబీ హెడ్జెస్ అనే ఆమె తన తల్లికొచ్చిన జబ్బే తనకూ వచ్చిందని భయపడి సముద్రంలోకి నడిచి చనిపోయింది. ఆమె కథని వెతికి 2008లో పుస్తకం రాసిన చరిత్రకారిణి ఆలిస్ వెక్స్‌లర్ చూపించిందేమిటంటే, ఆ కాలంలో ఆ ఊరు ఈ కుటుంబాలని వెలివేయలేదు. వాళ్లకి భూములున్నాయి, ఊరి వ్యవహారాల్లో స్థానం ఉంది, పెళ్లిళ్లయ్యాయి. జబ్బుందని అందరికీ తెలుసు. తెలిసే కలిసి బతికారు.

వెలి తర్వాత వచ్చింది, సైన్సు చొక్కా తొడుక్కుని వచ్చింది. 1916లో చార్లెస్ డావెన్‌పోర్ట్, ఎలిజబెత్ మన్సీ కలిసి 962 మంది రోగుల వంశవృక్షాలతో ఒక వ్యాసం ప్రచురించారు. ఇంటింటికీ తిరిగి, ముసలమ్మల పక్కన కూచుని వివరాలు రాబట్టింది డాక్టర్ మన్సీ. ఆ వివరాలతో ఇలాంటివాళ్లు పిల్లల్ని కనకూడదనే జాతిశుద్ధి వాదం కట్టింది డావెన్‌పోర్ట్. ఆడవాళ్లు ఆడమనిషిని నమ్మి చెప్పుకున్న మాటలు అలా వాళ్ల మీదికే తిరిగొచ్చాయి. 1932లో వెస్సీ అనే డాక్టరు ఇంకొంచెం ముందుకెళ్లాడు. న్యూ ఇంగ్లండ్‌లో మంత్రగత్తెలని విచారించిన స్త్రీలు ఈ జబ్బు కుటుంబాల వాళ్లేనని రాశాడు. తర్వాత పరిశోధకులు ఆ వంశవృక్షాలు నిలబడవని చూపించారు. అయినా ఆ కథ దశాబ్దాలపాటు వైద్య పుస్తకాల్లో తిరిగింది, రుచిగా ఉంది కాబట్టి. మరుసటి ఏడాది, 1933లో, హిట్లర్ ప్రభుత్వం బలవంతంగా పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్సలు చేయించే చట్టం తెచ్చినప్పుడు అందులోని జబ్బుల పట్టికలో ఇదీ ఉంది. మనకి ఇవన్నీ దూరంగా ఏమీ లేవు. బాణామతి చేసిందని ఆడమనిషి పళ్లు రాలగొట్టిన వార్తలు చదువుతూ పెరిగిన వాళ్లమే మనం.

మంత్రగత్తె కాకపోతే తాగుబోతు. ఆలిస్ తల్లి లియోనోర్ వెక్స్‌లర్ జీవశాస్త్రం చదివిన మనిషి. తండ్రినీ ముగ్గురు అన్నదమ్ముల్నీ ఈ జబ్బే తీసుకుంది. అది మగవాళ్లకే వస్తుందని నమ్మించారు కాబట్టి ఆమె తన గురించి భయపడలేదు. 1968లో లాస్ ఏంజెలిస్‌లో పొద్దున్నే వీధి దాటుతుంటే ఒక పోలీసు ఆపి, ఇంత పొద్దున్నే తాగడానికి సిగ్గులేదా అన్నాడు. జబ్బు బయటపడింది అలా. ఆమె చిన్న కూతురు నాన్సీ, 1981 నుంచీ ఏటా వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డు పల్లెలకి బృందాన్ని తీసుకెళ్లి, వేలమంది ఇచ్చిన రక్తంతో, ఇంకా ఎందరో శాస్త్రవేత్తలతో కలిసి, 1993లో ఆ జన్యువు దొరికేదాకా పనిచేసింది. తనకీ జబ్బుందని 2020లో బయటికి చెప్పింది. ఆ రక్తం ఇచ్చిన బీద కుటుంబాలు మాత్రం ఇప్పటికీ బీదగానే ఉన్నాయి. ఆ మాట లేకుండా నాన్సీ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఆడవాళ్లు గమనించి చెప్పిన దానివల్లే ఇంకో జబ్బు కూడా బయటపడింది. ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యులోపంతో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని ఆసుపత్రికి తెచ్చే తల్లులు, పిల్లల సంగతితోపాటు "మా నాన్నకి చేతులు వణుకుతున్నాయి, నడవలేకపోతున్నాడు" అని డాక్టర్ రాండీ హాగర్‌మన్‌కి చెబుతూ వచ్చారు. ఆమె విన్నది. 2001లో అయిదుగురు తాతల గురించి వ్యాసం వచ్చింది. ఆ జన్యుమార్పు తాత నుంచి కూతుళ్లందరికీ వెళ్లి, కూతురి నుంచి మనవడికి చేరేటప్పుడు పెద్దదవుతుంది. అంతవరకు బిడ్డ జబ్బుకి తల్లినే కారణంగా చూశారు. తాత చేతివణుకు ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆయన వంశకర్త కదా.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. ఈ పత్రిక చదివేవాళ్లం, రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం ఈ విషయంలో ఏం చేశాం? మన కథల్లో ఒళ్లు ఊగే స్త్రీ, వణికే స్త్రీ, వాకిట్లో అరిచే స్త్రీ చాలామందే ఉన్నారు. వాళ్లని మన విమర్శ ఎలా చదువుతుంది? అణచివేత శరీరం మీద రాసిన భాష అంటాం. పూనకం నిరసన రూపం అంటాం. ఈ చదువు అబద్ధమని నేను అనడం లేదు. నోరు లేనిచోట ఒళ్లు మాట్లాడుతుందని నాకూ తెలుసు, తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని. కానీ ఒక సెమినార్‌లో నేను మా అమ్మ సంగతి చెబితే, నేనెంతో గౌరవించే ఒక స్నేహితురాలు "అది కూడా ఒక రకంగా ధిక్కారమే కదా" అంది. కాదు. గుళ్లో ఆమె చుట్టూ చేరినవాళ్లు ఒళ్లంతా దేవతని చూశారు, ఈమె ధిక్కారాన్ని చూసింది. నేను ఇంటికెళ్లాలి అన్న మాట ఇద్దరికీ వినబడలేదు. జీవశాస్త్రం మాట ఎత్తగానే మనం బెదురుతాం. ఆడవాళ్లని శరీరానికి కట్టేయడానికే ఇంతకాలం దాన్ని వాడారు కాబట్టి ఆ బెదురుకి కారణముంది. దానికోసం మెదడులో చచ్చిపోతున్న కణాల్ని ప్రతీక చేసేసి రోగిని ఒంటరిగా వదిలేయడం స్త్రీవాదం ఎలా అవుతుంది? చేసిపెట్టే చాకిరీ గురించి మనం ఇంత రాశాం. పదేళ్లపాటు రోజుకి మూడు పూటలు ఒకరికి మింగడం దగ్గరుండి చూసుకునే చాకిరీ గురించి ఎన్ని కథలున్నాయి, లెక్కపెట్టండి.

అన్నయ్యకి జబ్బు తెలియడానికి ముందు కోపం వచ్చింది. వదిన మీద చెయ్యి చేసుకున్నాడు. జబ్బు పేరు తెలిశాక చుట్టాలందరూ ఊపిరి పీల్చుకున్నారు. "పాపం, వాడిది కాదు, జబ్బుది" అన్నారు. అమ్మ అరిచిన రోజుల్లో ఆమెది కాదు, జబ్బుది అని ఒక్కరూ అనలేదు. హంటింగ్టన్ నిగ్రహాన్ని తీసేస్తుంది, నిజమే. కానీ అదే ఏడాది అన్నయ్య ఆఫీసులో పై అధికారి మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. అమ్మ ఎంత అరిచినా నాన్న మీద చెయ్యెత్తలేదు. ఆ కోపం ఎవరి మీదికి పోవచ్చో జబ్బు రాకముందే ఇద్దరికీ తెలుసు. ఇవాళ అన్నయ్య మంచంలో ఉన్నాడు, అతని మీద నాకు కోపం లేదు. వదినకి ఉందో లేదో నేను అడగలేదు, అది ఆమె ఇష్టం.

చట్టం సంగతి కూడా చూశాం. హిందూ వివాహ చట్టం 12వ సెక్షను ప్రకారం ముఖ్యమైన విషయం దాచి మోసంతో పెళ్లి చేస్తే ఆ పెళ్లిని రద్దు చేయమని అడగవచ్చు. మోసం బయటపడిన ఏడాదిలోపు అడగాలి, తెలిశాక ఇష్టపూర్వకంగా కాపురం చేసి ఉండకూడదు. వదినకి తెలిసేనాటికి పదేళ్ల కూతురుంది, మంచం పట్టబోయే మొగుడున్నాడు. ఆ ఏడాదిలో ఎక్కడికెళ్తుంది? మానసిక రుగ్మత కారణంగా విడాకులకి 13వ సెక్షను ఉంది, దాన్ని ఎవరు వాడుకోగలరో వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో మెదడు కణితి, క్యాన్సరు, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న 515 మంది సంసారాలని గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. జబ్బుపడింది భార్య అయితే విడిపోయినవాళ్లు 20.8 శాతం, భర్త అయితే 2.9 శాతం. నాన్న విడాకులు అడగలేదు, ఆయనకి ఆ అవసరం రాలేదు. ఇంట్లో నేనున్నాను, తర్వాత వదిన వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీర్ఘకాలిక నాడీ వ్యాధుల్ని వైకల్యంగా గుర్తించింది, మంచిదే. ఉదాహరణగా పేర్లు పెట్టిన వాటిలో పార్కిన్సన్ ఉంది, హంటింగ్టన్ లేదు. సర్టిఫికెట్టు కోసం వదిన ఒక్కో కౌంటరు దగ్గరా జబ్బు పేరు మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. చేసిపెట్టే మనిషికి ఆ చట్టంలో ఏముందో నాకు చూపించమని వకీలు స్నేహితురాలిని అడిగాను. ఇంకా వెతుకుతోంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా మేనకోడలికి ఇరవై మూడు నిండాయి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "నోరెత్తకండి, ఆడపిల్ల బతుకు పాడవుతుంది" అని బాబాయి ఫోన్ చేశాడు. ఆయన అప్పటి ముగ్గురిలో ఒకడు, ఇంకా బతికున్నాడు. ఈ వ్యాసం రాయనా అని వదినని, మేనకోడల్ని అడిగాను. వదిన "పేరు వెయ్యకు, మిగతాది అంతా వెయ్యి" అంది. మేనకోడలు పరీక్ష చేయించుకుందా లేదా అన్నది ఆమె సంగతి, నాకు కూడా చెప్పలేదు. వచ్చినవాళ్లకి తన తండ్రి సంగతి, నాయనమ్మ సంగతి తనే చెబుతానంది. ఒక షరతు పెట్టింది. ఆ తర్వాత తను కూడా అడుగుతుందట.

పోయిన నెల ఒక సంబంధం వాళ్లొచ్చారు. అమ్మాయి చెప్పాల్సింది చెప్పింది. వాళ్లు విన్నారు, మొహాలు మారాయి, అయినా లేవలేదు, మర్యాదస్తులు. తర్వాత వదిన అడిగింది: "మీ ఇంట్లో చేతులు వణికినవాళ్లు, చిన్న వయసులోనే నడక తప్పినవాళ్లు, మతి తప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారాండీ? మీ నాన్నగారు ఏ జబ్బుతో పోయారు?" పెళ్లికొడుకు తండ్రి అప్పుడు లేచాడు. "ఆడపిల్లవాళ్లు అడగాల్సిన మాటలా ఇవి?" అన్నాడు. ఆయన భార్య మాత్రం వెంటనే లేవలేదు. మామగారు చివరి ఆరేళ్లు మంచంలోనే ఉన్నారని, అన్నీ తనే చేసిందని, ఏం జబ్బో తనకి ఎవరూ చెప్పలేదని మెల్లగా అంది. ఆయన గుమ్మంలోంచి పిలిస్తే అప్పుడు చెప్పులేసుకుంది. వదిన ఆవిడ ఫోన్ నంబరు తీసుకుంది.